మెత్త విప్పితే కనిపించిన షోలాపూర్

పోయినసారి రథోత్సవం మీద రాసినప్పుడు "కొంచెం చిన్నగా రాయండి సార్" అని ముగ్గురు నలుగురు అన్నారు. ఈసారీ పొడుగే అయింది, ఏం అనుకోకండి. ఆదివారం తీరిగ్గా చాయ్ పెట్టుకొని చదవండి.

విషయం చాలా చిన్నది. ఒక పాత మెత్త. వెడల్పు 14 అంగుళాలు, పొడవు 20 అంగుళాలు. భివండీలో ఉండే మా మేనత్త ఇంట్లో, అటక మీద, ఇత్తడి బిందెలో కుక్కి ఉంది. మా నానమ్మ చేతులతో కుట్టినది. ఇప్పటి పిల్లలు పాత చీరలతో కుషన్ కవర్లు కుట్టి సోఫా మీద పెట్టుకోవడం ఫ్యాషన్ అయింది కదా, మా అమ్మాయి కూడా అదే పని మొదలుపెట్టి, "నాన్నా, పాత గుడ్డలేమైనా ఉన్నాయా" అని అడిగింది. అత్తమ్మ ఈ మెత్త పంపింది. దాని పైకవరు తీసి వాడుకోవచ్చు అనుకుని ఒక పక్క కుట్టు విప్పాం. విప్పాక దాంతో ఏదీ కుట్టబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ముందు మాట సంగతి. షోలాపూర్ పూర్వ భాగ్‌లో మనం ఇప్పటికీ మెత్త అంటాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తెచ్చుకున్న మాట అది. యానాం నుంచి మన గ్రూపులో ఉన్న మిత్రులు దిండు అంటారు, కొందరు తలగడ అంటారు. హుబ్బళ్లి, బళ్లారి వాళ్లకు పక్కింటి కన్నడ దింబు మన దిండుకు దగ్గర చుట్టం లాగానే వినిపిస్తుంది. తమిళనాడు మిత్రులు ఇంట్లో దిండు అన్నా బజారుకెళ్తే తలకాణి అనాలి. మేం బజారుకెళ్తే ఉశీ అంటాం. దాని మీద తొడిగే గలేబు అరబ్బీ నుంచి వచ్చింది, గిలాఫ్ అంటే తొడుగు. పెద్దవాళ్ల ఇళ్లలో ఆనుకునే గుండ్రటి బాలీసు ఫార్సీ మాట. మెత్త మాత్రం ఎక్కడి నుంచీ రాలేదు. మెత్తగా ఉంటుంది కాబట్టి మెత్త. మా నానమ్మ ఇంట్లో గలేబు లేదు, బాలీసు లేదు. ఆ రెండు మాటలూ సావుకారు ఇంటివి. మాకున్నది మెత్త, బొంత. మరాఠీ పక్కింటివాళ్లకు గోధడీ, కర్ణాటకలో కౌది, మనకు బొంత. నిద్రపోయే మనుషులు అందరూ ఒకటే, పాత చీరలూ ఒకటే.

ఇక లోపల ఏముందో చెబుతాను. పైన ఒక వైపు షోలాపూర్ చెద్దరు ముక్క. మీకు తెలిసిందే, జకార్డు మీద నేసిన చెద్దరు గుడ్డ రెండు పొరల నేత, ఒక వైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు ఉంటే వెనక తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. ఇంకో వైపు ముదురు ఆకుపచ్చ నూలు చీర ముక్క, రెండు చోట్ల అతుకు. ఈ పొర కింద టవలు అంచులు. టర్కీ టవళ్లు నేసే కార్ఖానాలో కత్తిరించి పడేసే సన్నటి పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి పేర్చి పొడుగు కుట్లతో పట్టి ఉంచింది. దాని కింద రంగురంగుల నూలు పోగుల ఉండలు, ఎరుపు, నీలం, పసుపు. దాని కింద మళ్లీ ఒక చిన్న సంచి, ఎర్ర అంచు లుగడే ముక్కతో కుట్టింది. ఆ సంచిలో గడ్డకట్టిన దూది, దోసెడు ఉంటుందేమో.

అంటే ఇది ఒకసారి కుట్టిన మెత్త కాదు. లోపల ఉన్నది ముందుది. అది నలిగి పలచబడ్డప్పుడల్లా పారేయకుండా దాని మీదే ఇంకో పొర వేసి, ఇంకో గుడ్డ తొడిగి, నలభై ఏళ్లకు పైగా పెంచుకుంటూ వచ్చింది. మా అత్తమ్మ వయసు ఎనభై. ఆమెను ఫోన్లో అడిగాను. ఒక్కో పొరకు ఒక్కో కాలం చెప్పింది. ఆమె చెప్పినవీ, నేను పుస్తకాల్లో చదివినవీ పక్కపక్కన పెట్టి చూశాను. కింద రాసేది ఆ లెక్కే.

నానమ్మ పెళ్లై షోలాపూర్‌కు వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. సికింద్రాబాద్‌లో బండి ఎక్కి వాడి జంక్షన్‌లో మారి. మన వాళ్లలో చాలామంది వచ్చిన దారి అదే. షోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వేశారు. ఆ రెండేళ్లకే దక్కన్ అంతా 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఆ కరువు మధ్యలోనే, 1877లో, షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది. మనం జూనీ మిల్లు అనేది దాన్నే. రైలు, కరువు, మిల్లు మూడూ ఒకేసారి కుదిరితే మనుషులు కదలకుండా ఎలా ఉంటారు? అంతకు ముందు కాలినడకన వచ్చి మగ్గం గుంటలు తవ్వుకున్న వాళ్లున్నారు, వాళ్ల సంగతి వేరే రాయాలి. గుడ్డ నేసే నేల ఇది కొత్తగా కాలేదు. మనకు దగ్గర్లోనే ఉన్న తేర్, పాత పేరు తగర, అక్కడి నుంచి మామూలు గుడ్డా సన్న గుడ్డా బండ్ల మీద భరూచ్ రేవుకు పోయేదని సుమారు 1900 ఏళ్ల కిందటి గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో ఉంది.

ఇంత గుడ్డ నేసిన ఊళ్లో, నేసేవాళ్ల ఇంట్లో గుడ్డ లేదు. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ మన పెద్దవాళ్లెవరినైనా అడగండి. నూలు సావుకారుది. నేసిన గుడ్డ సావుకారుది. మధ్యలో మన చేతిలో మిగిలేవి పడుగు కొసలు. గుడ్డ దింపేటప్పుడు చివర జానెడో మూరెడో పడుగు నేయడానికి వీలుకాకుండా మిగిలిపోతుంది. కొత్త అచ్చు అతికేటప్పుడు కొన్ని కొసలు అక్కడే పోతాయి, కొన్ని కత్తిరించి పడేస్తారు. ఆ పడేసినవే మా మెత్తలోని రంగురంగుల ఉండలు.

లోపలి దూది సంగతికి వద్దాం. అది యుద్ధం రోజులది అంటుంది అత్తమ్మ, నానమ్మ ఆమెకు చెప్పిన మాట. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మెత్తలోని దూది అట. ఆ రోజుల్లో దూది ఏకేవాళ్లు వీధుల్లో తిరిగేవారు. భుజాన పెద్ద విల్లు, చేతిలో కొయ్య గుండు. నరం తీగను ఆ గుండుతో కొడితే వచ్చే టంగ్ టంగ్ శబ్దం నా చిన్నప్పుడు కూడా దాజీ పేఠ్‌లో వినిపించేది. తెలుగులో దూదేకులవాళ్లు, మరాఠీ కన్నడాల్లో పింజారీలు, నదాఫ్‌లు. పాత మెత్త, పాత పరుపు విప్పి ఇస్తే గడ్డకట్టిన దూదిని గుమ్మంలోనే మబ్బులా చేసి ఇచ్చేవారు. ఊరంతటి నిద్రకూ వాళ్ల చెయ్యి తగిలింది. అలాంటి వాళ్ల పేరును తిట్టుగా వాడతాం మనం. పిల్లల ముందు ఆ తిట్టు వాడకండి.

యుద్ధం మొదలయ్యాక గుడ్డ దొరకలేదు. మిల్లుల్లో నేసినదంతా సైన్యానికి పోతుంటే బజారులో ధర నాలుగింతలు, ఐదింతలు. 1943 జూన్‌లో ప్రభుత్వం నూలు గుడ్డకూ నూలుకూ నియంత్రణ తెచ్చింది. గుడ్డ మీద ధర ముద్ర వేయాలి, ఎక్కువకు అమ్మకూడదు. ముద్ర వేసిన గుడ్డ దుకాణంలో కనపడేది కాదు, కనపడినది ముద్ర ధరకు దొరికేది కాదు. యుద్ధం అయిపోయినా ఇది తీరలేదు. 1948 జనవరిలో నియంత్రణ ఎత్తేస్తే ధరలు ఎగిరాయి, కొన్ని నెలలకే మళ్లీ పెట్టారు. నానమ్మ రెండు చీరలతో కాపురానికి వచ్చింది. మూడోది కొనడానికి ఎన్నేళ్లు పట్టిందో అత్తమ్మకు కూడా గుర్తులేదు. ఒకటి ఉతికి ఆరేసి ఒకటి కట్టుకోవడం. అది చిరిగినప్పుడు చిరిగిన చోట పారేయడం కాదు, చీరను చదవడం.

ఈ చదవడం అన్న మాట నేను కావాలనే రాస్తున్నాను. తొమ్మిది గజాల చీర అంతా ఒకేసారి పోదు. కూర్చునే చోట ముందు పలచబడుతుంది, మడమ తగిలే అంచు ముందు పీలికలవుతుంది. పైట చెంగు, లోపల దోపుకునే కొస చాలా కాలం నిలుస్తాయి. నానమ్మ చీరను కిటికీకి అడ్డంగా పట్టి వెలుగులో చూసేది. వెలుగు ఎక్కువ వచ్చే చోట చేత్తో చింపేది, కత్తెర కాదు. చింపితే నేతలో బలం ఉన్న చోట ఆగుతుంది, కత్తెరకు ఆ తెలివి లేదు. గట్టి ముక్కలు మెత్త పైపొరకు, మధ్యరకం బొంతకు, బాగా నలిగి నీళ్లలా మెత్తబడ్డవి పుట్టబోయే పిల్లలకు. పసిపిల్లకు మొదట తొడిగేది కొత్త గుడ్డ కాదు, బతికి బాగా ఉన్న పెద్దవాళ్ల పాత గుడ్డ. ఆయుష్షు కోసం అంటారు. ఎన్ని ఉతుకులు ఉతికిన నూలు కంటే పసి చర్మానికి మెత్తనిది లేదన్నది కూడా నిజమే. పిల్ల తల గుండ్రంగా రావాలని చిన్న సంచిలో ఆవాలు పోసి ఆవాల దిండు కుట్టేవాళ్లు. ఇప్పుడు పసిపిల్లలకు ఏ దిండూ వద్దంటున్నారు డాక్టర్లు, ఊపిరి అడ్డం పడుతుందని. వాళ్ల మాటే వినండి. చరిత్ర రాస్తున్నానని నానమ్మ చెప్పిందంతా చెయ్యమనడం లేదు.

కుట్టడానికి దారం కొనలేదు. చీర అంచులోంచి పోగులు లాగి, రెండు మూడు కలిపి తొడ మీద పేని, దబ్బనంలో ఎక్కించి కుట్టింది. మా మెత్తలో ఒక్క రీలు దారం కూడా కనపడలేదు, చివరి పొరలో తప్ప. ఆ పొర కుట్టినప్పటికి ఆమెకు చూపు తగ్గింది, పోగు లాగడం కుదరలేదు. అక్కడ తెల్ల మిల్లు దారం, కుట్లు వంకరటింకర. లోపలి పొరల కుట్లు మాత్రం అచ్చు పోసినట్టున్నాయి.

ఆ చిన్న ఎర్ర అంచు సంచి ఎప్పటిది అని అడిగితే అత్తమ్మ తడుముకోకుండా చెప్పింది: "మిల్లు బందైన ఏడు." అప్పుడు ఆమెకు నాలుగేళ్లు. ఇది పుస్తకాల్లోనూ ఉంది, వకీళ్లు ఇప్పటికీ చదువుతారు. 1949 ఆగస్టులో జూనీ మిల్లు యజమాన్యం మిల్లు మూసేసింది. వేల మంది కూలీలు రోడ్డు మీద. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నడపడం తన చేతిలోకి తీసుకుంది, తర్వాత అదే చట్టమైంది. చిరంజిత్ లాల్ చౌధురి అనే వాటాదారు, ఒక్క మా కంపెనీకే చట్టమేమిటి, ఇది సమానత్వానికి విరుద్ధం అని సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన మొదటి ఏడాదే, 1950 డిసెంబరులో, ఆయన పిటిషన్ కొట్టేశారు. దేశంలో సమానత్వపు హక్కు గురించి మాట్లాడే ప్రతి లా పుస్తకంలో మన షోలాపూర్ మిల్లు పేరు ఉంటుంది. మన పిల్లల్లో లా చదివినవాళ్లు కూడా అది మన తాతల మిల్లు అని ఎరగరు.

ఆ పుస్తకాల్లో వాటాదారు హక్కు ఉంది. మా తాత మగ్గాల ఖాతాలో పనిచేసేవాడు, ఆయన ఆ నెలల్లో ఏం తిన్నాడన్నది లేదు. అత్తమ్మ మాటల్లో అయితే ఉంది. ఇత్తడి సామాను ఒక్కొక్కటిగా కుదువకు పోయింది. పరుపు అమ్మేశారు. పరుపులో దూది ఉంటుంది కదా, దూదికి ధర ఉంది. మెత్తలోని దూది కూడా అమ్మబోతే నానమ్మ సగం తీసి దాచిందట. ఆ దాచిన దూదిని తన పెళ్లి లుగడే చెంగు చింపి సంచి చేసి అందులో పెట్టి కుట్టింది, పిల్లల తల కింద ఏదో ఒకటి ఉండాలని. దోసెడు దూది ఎందుకు అంత చిన్న సంచిలో ఉందో నాకు అప్పుడు అర్థమైంది.

మిల్లు మళ్లీ తెరిచినా తాత తిరిగి పోలేదు. చెద్దర్ల కార్ఖానాలో చేరాడు. రంగు పోగుల పొర అక్కడి నుంచి మొదలు. రోజూ సాయంత్రం జేబులో గుప్పెడు కొసలు తెచ్చేవాడు. అడిగి తెచ్చాడా అడక్కుండా తెచ్చాడా అంటే అత్తమ్మ నవ్వి మాట మార్చింది. కార్ఖానాలో ఊడ్చిన నూలు చెత్తకూ బేరం ఉంది, దాన్ని కొనే వ్యాపారులు వేరే. గుప్పెడు కొసలంటే సావుకారు లెక్కలో నష్టమే. నానమ్మ వాటిని విడదీసి, పొడుగువి దారానికి, పొట్టివి మెత్తలోకి. ఇంట్లో ఎవరూ షోలాపూర్ చెద్దరు కప్పుకోలేదు. దేశమంతా కప్పుకుంది, జీఐ గుర్తింపు కూడా వచ్చింది, బాగుంది. మా ఇంట్లోకి మొదటి చెద్దరు వచ్చింది నేత తప్పు పడి అమ్ముడుపోని దాని రూపంలో. అదీ సగమే, సగం చిన్నతాత వాళ్లకు. 60 అంగుళాల వెడల్పు చెద్దరును అడ్డంగా రెండు చేసి పంచుకున్నారు. అది చిరిగాక మిగిలినదే ఇప్పుడు మెత్త పైన కనపడుతున్న ఎర్ర పువ్వు ముక్క.

ఇక మన ఆడవాళ్ల పని. పూర్వ భాగ్‌లో మగవాళ్లు మగ్గం, ఆడవాళ్లు బీడీ, ఇది అందరికీ తెలుసు. ఒడిలో చాట, తునికాకు, కత్తెర, తంబాకు. 1000 బీడీలకు ఇంత అని కూలి. నడుం వంచి పొద్దంతా కూర్చునే పని అది. కింద బండ నేల. ఆ మెత్త తల కిందకంటే నానమ్మ కిందే ఎక్కువ ఉండేదట. పగలు కూర్చోవడానికి, రాత్రి పిల్లల తలకు. మగ్గం గుంట అంచున నేతగాడు కూర్చునే చోట కూడా ఇలాంటిదే ఒకటి, గోనెపట్టతో కుట్టింది. కుషన్ అంటే సోఫా మీద అందానికి అని మా అమ్మాయి అనుకుంటుంది. వీళ్లకు అది పనిముట్టు. నాడె ఎలాగో, కత్తెర ఎలాగో అలాగే. 1000 బీడీలు చుట్టి, వంట చేసి, అందరూ పడుకున్నాక దీపం ముందు కూర్చుని కుట్టింది ఇదంతా. బీడీ పనికి 1966లో చట్టం వచ్చింది, కూలీ లెక్క వచ్చింది. ఈ కుట్టు పనికి లెక్క ఎవరు రాశారు?

1970లు దాటాక ఇళ్లలో మెత్తలు కుట్టడం తగ్గింది. దానికి నేను ఇద్దరిని బాధ్యులుగా చూస్తాను. ఒకటి టెర్లిన్, నైలాన్ చీర. అది చిరగదు, చెమట పీల్చదు, తల కింద పెడితే జారుతుంది. నానమ్మ ఒక్క ముక్క కూడా ఈ మెత్తలో పెట్టలేదు, నేను వెతికాను. రెండోది గంపలో స్టీలు సామాను పెట్టుకొని వీధుల్లో తిరిగి పాత బట్టలకు మార్చుకునే బోహారీణ్. రెండు చీరలు ఇస్తే ఒక గిన్నె, నాలుగు ఇస్తే డబ్బా. పాత చీరకు మొదటిసారి బజారు ధర వచ్చింది. మా అమ్మ తరానికి మెరిసే స్టీలు డబ్బాల వరస అంటే ఇల్లు నిలబడిందన్న గుర్తు. అమ్మకూ నానమ్మకూ దీని మీద రోజూ గొడవ. "గిన్నెల మీద తల పెట్టి పడుకుంటవా బిడ్డా" అనేది నానమ్మ. అమ్మ తప్పని నేను అనను. ఇరవై ఏళ్లు బొంతల మధ్య పెరిగిన మనిషికి స్టీలు గిన్నె ఎంత ముద్దొచ్చిందో మనకు తెలియదు. తర్వాత స్పంజు మెత్తలు వచ్చాయి, ఆ గొడవా ఆగింది.

ఇంతకీ ఇలాంటివి మనకు ఎందుకు మిగల్లేదు? పారేశాం కాబట్టి మాత్రమే కాదు. మనిషి పోతే ఆ మనిషి పడుకున్న బొంత, మెత్త ఇంట్లో ఉంచం. అది ఆచారం. 1994లో నానమ్మ పోయినప్పుడు ఆమె తల కింది మెత్తను మశానం దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేసి వచ్చింది నేనే. అప్పుడు నా వయసు 27. దాన్లో ఏముందో విప్పి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. ముక్కు మూసుకొని పట్టుకెళ్లాను, అది కూడా రాయాలి. ఈ రెండోది మిగలడానికి కారణం, అంతకు ముందు ఏడే అత్తమ్మ భివండీకి పట్టుకెళ్లింది, నడుం నొప్పికి కింద వేసుకోవడానికి.

ఇప్పుడు సంఘం సంగతి. మన హాలు పై అంతస్తులో పాత వస్తువుల గది పెడదామని కమిటీలో మాట నడుస్తోంది కదా. నాడె వచ్చింది, రాట్నం వచ్చింది, జకార్డు అట్టల కట్ట వచ్చింది, పాత అధ్యక్షుల ఫోటోలు వచ్చాయి. 1930 మార్షల్ లా రోజుల గురించీ, 1931 జనవరి 12న యెరవాడలో ఉరి తీసిన మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందేల గురించీ ఒక గోడంతా ఉంటుంది. ఉండాలి కూడా. నేను ఈ మెత్త పెడదామన్నాను. ఒక పెద్దాయన, నాకు గురువులాంటివారు, "మన పీలికలు తెచ్చి నలుగురికి చూపించుకోవాలా? అతుకుల బొంత అని వేరేవాళ్లు అననే అంటున్నారు, మన నోటితో మనమే చెప్పుకోవాలా?" అన్నారు. కోపంగా కాదు, బాధగా అన్నారు. నేను అక్కడ మాట్లాడలేకపోయాను. ఇంటికొచ్చాక తోచినది ఇక్కడ రాస్తున్నాను, ఆయన కూడా చదువుతారు.

అన్నా, మీ మాటలో నొప్పి నాకు తెలుసు. బడిలో మన సంచి చూసి నవ్విన పిల్లలు నాకూ ఉన్నారు. కానీ ఆ గదిలో ఉన్నవన్నీ మనం పని చేసిన వస్తువులు, సావుకారు కోసం. నాడె ఆయన నూలు మోసింది. అట్టలు ఆయన పువ్వు నేశాయి. మన కోసం మనం చేసుకున్నది ఆ గదిలో ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. ఆడవాళ్ల చెయ్యి పడ్డదీ ఒక్కటి లేదు. ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీ ఆడవాళ్లు పాత గుడ్డలతో కుట్టే కవందిని ఇవాళ మ్యూజియంలు అడిగి తీసుకుంటున్నాయి. దాని నాలుగు మూలలా ఫూలా అని చిన్న పువ్వు ముడి పెట్టకపోతే బొంత దిగంబరంగా ఉన్నట్టని వాళ్లు అంటారట. వాళ్ల బీదతనం చూసి ఎవరూ నవ్వడం లేదు. మా నానమ్మ మెత్తకూ ఒక మూల ఉత్తపుణ్యానికి పసుపు పోగులతో చిన్న చుక్క కుట్టి ఉంది. పిల్లల్లో ఎవరి మెత్త ఏదో గుర్తుకట, అత్తమ్మ చెప్పింది.

కాబట్టి నా అడుగుడు ఇది. మీ అటకల మీద, పాత పెట్టెల్లో, ఊళ్లో మిగిలిన ఇంట్లో చేతితో కుట్టిన మెత్తో, బొంతో, ఆవాల దిండో, మగ్గం గుంట కాడి గోనె మెత్తో ఉంటే ఉతక్కండి, విప్పకండి. ఉతికితే రంగు పోతుంది, విప్పితే పొరల వరస పోతుంది. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఫోటో తీసి, ఎవరు కుట్టారు, ఎవరి చీర, ఏ ఏడు, ఇంట్లో అప్పుడు ఏం జరిగింది అని పెద్దవాళ్లను అడిగి రాయండి. ఎనభై దాటినవాళ్లను ఈ నెల్లోనే అడగండి. ముంబయి కామాఠీపురా నుంచి, బరంపురం నుంచి, బెంగళూరు నుంచి ఎవరు పంపినా సరే, మెత్త అన్నా దిండు అన్నా ఒకటే. గదిలో పెట్టాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశంలో అందరూ కలిసి తేల్చుదాం. పెద్దాయన వద్దన్నా నాకు కోపం లేదు, అప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది.

మా అమ్మాయి పొరలన్నిటినీ తెల్ల గుడ్డ మీద పరిచి, ఒక్కోదాని పక్కన చీటీ పెట్టి ఫోటోలు తీసింది. అవి కింద పెడుతున్నాను. ఇది రాస్తుండగా అత్తమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఫోటోలు చూసిందట. "ఇప్పి చూసినవు, మంచిగనే ఉంది. మల్ల కుట్టినవా లేదా? చలికాలం వస్తుంది, నా మెత్త నాకు పంపు" అంది. దబ్బనం దొరికింది. తొడ మీద పోగులు పేనడం మాత్రం మా ఇద్దరికీ ఇంకా రాలేదు.